మంచు కోసం వేసిన కప్పు

ఎర్ర దీపం గోడకి కొట్టి కొలిచావు కదా తమ్ముడూ,
ఉత్తరపు గోడ నాలుగంగుళాలు వంకరని రాసుకో.
రాసుకున్నాక ఆ బల్ల మీద కూచో,
రెండోది వద్దు, దాని కాలు ఊగుతుంది.

షోళవరం దాటి నువ్వు బస్సు దిగినచోట
ఇప్పుడు లారీల గోడౌన్లు.
అప్పుడు చెరువు మట్టి, ఇటుక చేంబర్లు,
గుంటూరు సీమ కరువులోంచి నడిచొచ్చిన మనవాళ్లు.
నోటికి అరవం రాకముందే
చేతులకి అచ్చు తియ్యడం వచ్చేసింది.

హొల్ట్స్ దొర కాగితం మీద గుడి గీసుకొచ్చాడట
అచ్చం వాళ్ల ఊళ్లో ఉన్నట్టే.
మా ముత్తాత జకర్యా మేస్త్రి
కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి
'కప్పు ఇంత నిటారుగా ఎందుకు దొరా' అన్నాడు.
'మంచు జారిపోవాలి' అన్నాడు దొర.
అన్నమాట తన చెవికే వినబడి
టోపీ తీసి చెమట తుడుచుకున్నాడట.

అయినా అట్లాగే వేశారు.
నూటపదమూడేళ్లుగా ఈ కప్పు మీద
మంచు తప్ప అన్నీ జారాయి:
చింతాకు, చిలకల రెట్ట, పిల్లల బంతులు,
పోయిన తుఫానుకి నూటనలభై పెంకులు,
శిఖరం మీది ఇత్తడి కోడి
(బీరువాలో ఉంది, కూయదు),
ఒకసారి మా చిన్నాన్న ఇస్సాకు. కాలు విరిగింది.

గంట ఓడెక్కకముందే యుద్ధం వచ్చింది.
జర్మనీవాడని దొరని కంచెలో పెట్టారు.
అందుకే మన గంట
రైలు పట్టా ముక్క.

గోడ సంగతి అడిగావు.
దొరది అడుగుల లెక్క, మేస్త్రిది మూర.
దక్షిణపు గోడ జకర్యా మూరతో లేచింది.
ఉత్తరపు గోడ సగంలో ఉండగా ఆయనకి కలరా.
మిగతా సగం ఆయన పెళ్లాం సంతోషమ్మ కట్టింది.
ఆడదాని చేతికి తాపీ ఏమిటని సంఘం పెద్దలు,
వాన దగ్గరపడిందని దొర.
ఆమె మూర చిన్నది.
అదే నీ నాలుగంగుళాలు.

సున్నంలో కరక్కాయ నీళ్లు, బెల్లం, గుడ్ల తెల్లసొన.
ఆ ఏడంతా బట్టీ పిల్లలు పచ్చసొనే తిన్నారని
నాయనమ్మ చెప్పి నవ్వేది.
చెంప ఆనించి చూడు. మే నెల ఇది.

పడమట మూసేసిన తలుపు చూశావా?
చేంబరు యజమానులు ముందు తలుపున,
మట్టి తొక్కినవాళ్లు దాంట్లోంచి.
ఎప్పుడు మూశారో రిజిస్టరులో లేదు.
కానీ బయటికెళ్లి చూస్తే సున్నం ముద్దలుగా పొంగి ఉంటుంది,
లోపల మాత్రం నున్నటి తాపీ గీత.
మూసినవాళ్లు లోపల నిలబడి మూశారు.

బలిపీఠం పైన ఉన్నది తమిళ వాక్యం.
దాని కింద తెలుగు ఉంది.
రాష్ట్రాలు విడిపోయిన రోజుల్లో గొడవై
పొద్దుటి ఆరాధన వాళ్లకి, సాయంత్రం మనకి.
గోడని పంచడం చేతగాక సున్నం కొట్టారు.
ఐప్పసి వానలకి గోడ నానితే
అడుగువి పైకొస్తాయి.
ముందు తలకట్లు,
చిన్నచిన్న నిటారు కప్పుల్లా. తర్వాత ఏత్వాలు.
పొద్దుటి పాటల్లో ఉండే జ్ఞానసౌందరి అక్కకి తెలుగు చదవడం రాదు.
అయినా ప్రతి ఏడూ తనే ముందు చూసి
'ఉంగ ఎళుత్తు వందాచ్చు' అని నాకు ఫోన్ చేస్తుంది.

రిపోర్టులో రాస్తావు: గోడ తీసి కట్టాలి,
టైల్సు వెయ్యాలి, కింద సీలింగు.
రాయి. నీ ఉద్యోగం అది.
తాళం నా దగ్గరే ఉంటుంది, ఎప్పుడొచ్చినా తీస్తా.

వెళ్లేముందు ఒకసారి చెయ్యి చాపు,
మోచేతి నుంచి వేలి కొసదాకా.
ఏం లేదు,
ఊరికే చూస్తాను.